సుగుణమ్మ కథలో మిగతా సగం

అక్కా,

ఎలా ఉన్నావని అడగాలో వద్దో తెలియడం లేదు. నువ్వు వెళ్ళి పద్నాలుగు నెలలైంది.

గుడివాడలో నా కుట్టు షాపు ఎప్పటిలాగే ఉంది. పెళ్ళిళ్ళ రోజులు కదా, జాకెట్లు గుట్టలు పడ్డాయి. అవి పక్కన పెట్టి రాస్తున్నాను. ఒక పెద్ద తప్పు చేశాను... నీకు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

రెండు నెలల క్రితం బావగారు బందరు నుంచి నీ లాప్‌టాప్ పట్టుకొని వచ్చారు. నువ్వు దివిసీమలో ఊరూరా తిరిగి, ఉప్పెనలో బతికి బయటపడ్డవాళ్ళ మాటలు రికార్డు చేసి ఎక్కడో ఉన్న సర్వర్‌లో దాచావు కదా... నెలాఖరుకి ఆ సర్వర్ మూసేస్తున్నామని మెయిల్ వచ్చిందట. "కరుణా, నీకు ఒకసారి నేర్పించిందిగా అమ్మా, నువ్వే చూడాలి" అన్నారు.

నేర్పించావు. నేనే సరిగ్గా వినలేదు. ఆ నల్ల తెరనీ తెల్ల అక్షరాలనీ చూస్తేనే నాకు దడ. "బొమ్మలు లేవని భయపడకే. నువ్వు చెప్పింది చేస్తుంది, చెప్పంది చెయ్యదు, అంతే" అనేదానివి.

నీ నోటుపుస్తకంలో పాస్‌వర్డ్ దొరికింది. కొడుతుంటే తెర మీద చుక్క కూడా కనిపించదు. పాడైందనుకొని మూడుసార్లు మానేశాను. నాలుగోసారి చివరిదాకా కొట్టి ఎంటర్ నొక్కాను... తలుపు తెరుచుకుంది. ఎల్ఎస్ అని కొడితే నీ ఫైళ్ళ పేర్లన్నీ వరసగా కిందికి దిగాయి. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ... నువ్వు తిరిగిన ఊళ్ళన్నీ. ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో!

రోజూ షాపు తెరిచే ముందు గెట్ అని కొట్టి ఒక్కొక్కటే కిందికి దించుకున్నాను. దించిన ప్రతిదీ విన్నాను. ముసలివాళ్ళ కోసమని చెబితే అబద్ధం అక్కా. మధ్యలో నువ్వు "ఊఁ... ఊఁ..." అంటావే, దానికోసం.

ఒక ఉదయం కరెంటు పోయి నెట్ ఆగిపోయింది. అప్పుడు దిగుతున్నది నాగాయలంక సుగుణమ్మగారి ఫైలు. సగమే వచ్చింది. ఆ సగం తీసేసి మళ్ళీ దించుకుందామని, కరెంటు రాగానే లోపలికి వెళ్ళి ఆర్ఎమ్ అని కొట్టి ఫైలు పేరు పెట్టాను.

నువ్వు ఏమనేదానివి? "ముందు ఎక్కడ నిలబడ్డావో చూసుకో. ఇక్కడున్నావా, అక్కడున్నావా?" చూసుకోలేదు. నేను నిలబడింది అక్కడ, సర్వర్‌లో. చెరిగిపోయింది నా దగ్గరున్న సగం కాదు, అక్కడున్న మొత్తం. 'నిజంగా తీసెయ్యనా' అని ఒక్క మాటైనా అడగలేదు. కంపెనీకి రాస్తే, తిరిగి తేవడం కుదరదన్నారు. కత్తెర పడ్డ గుడ్డని అతికించొచ్చు... దీన్ని ఏం పెట్టి అతికించను?

నా దగ్గర మిగిలిన ఆ మొదటి సగం విన్నాను. ఉప్పెన రోజున ఇల్లు కూలిపోతే తన నాలుగేళ్ళ కూతురి చెయ్యి పట్టుకొని, కొట్టుకొచ్చిన దూలాన్ని కావిలించుకున్నానని చెబుతోంది. "తెల్లారింది. నీళ్ళు తీశాయి. పిల్ల మొహంలోకి చూశానమ్మా..." అక్కడ ఆగిపోయింది.

చూస్తే ఏమైంది? రెండు రోజులు కుట్టు సాగలేదు. మూడో రోజు షాపుకి తాళం వేసి నాగాయలంక బస్సెక్కాను.

సుగుణమ్మగారు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చేసిన పని చెప్పి చేతులు పట్టుకున్నాను. తిట్టలేదు. నీ పేరు వినగానే కళ్ళు తుడుచుకుంది. చింతపండు పక్కకి నెట్టి చెప్పింది.

"ఆ పిల్ల నా పిల్ల కాదమ్మా. చీకట్లో ఎవరి బిడ్డో నా చేతికి తగిలింది. నా బిడ్డే అనుకుని పట్టుకున్నా. తెల్లారి మొహం చూసి... చెయ్యి వదిలేశా. ఒక్క క్షణమే. మళ్ళీ పట్టుకున్నాలే. కానీ వదిలానా లేదా? నా బిడ్డ దొరకలేదు, ఆ పిల్లనే పెంచుకున్నా. ఇప్పుడు పామర్రులో ఉంటది. పేరు రత్నం. ప్రతి క్రిస్మస్‌కీ చీర తెచ్చిద్ది, అమ్మా అని పిలుస్తది. దానికి ఈ మాట నా నోటితో ఎట్టా చెప్పేది? ఈ రికార్డు దానికి నేనే వినిపించి వస్తానంది మీ అక్క."

అప్పుడు తెలిసింది నేను చెరిపింది ఏమిటో. నువ్వు వినిపిస్తానని మాటిచ్చావు. ఆసుపత్రిలో ఆ చివరి వారం లాప్‌టాప్ తెమ్మని గొడవ చేశావే... ఇందుకేనా? నేను తేలేదు. నీకు విశ్రాంతి కావాలనుకున్నాను అక్కా.

నా ఫోన్‌లో రికార్డు చేస్తూ ఆవిడ చేత మళ్ళీ మొదటినుంచి చెప్పించాను. మొదటిసారి చెప్పినట్టే చెప్పిందో లేదో నాకు తెలియదు. నిన్నడగలేను కదా.

మర్నాడే పామర్రు వెళ్ళాను. రత్నంగారు బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుతోంది. యాభై దాటిన మనిషి. చేతికంటిన పిండి కడుక్కొని, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని బల్ల మీద కూర్చుని విన్నది. నేను ఆవిడ మొహం చూడలేక రోడ్డు మీద బస్సులు చూస్తున్నాను.

అయిపోయాక ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టింది.

"వదిలేసిన సంగతి నాకు గుర్తులేదండీ. నన్ను చంకనేసుకుని బురదలో నడిచింది గుర్తుంది. దారి పొడుగునా ఎవరో పాపని పేరు పెట్టి పిలుస్తానే ఉంది. ఆ పాప ఎవరో ఇన్నేళ్ళూ అడగలేదు... అడిగితే ఏడుస్తదని. ఇన్నేళ్ళుగా ఇది లోపల పెట్టుకునుందా మా అమ్మ?"

అని బండి మూసేసింది. పొయ్యి మీద నూనె ఇంకా వేడిగానే ఉంది. మేమిద్దరం అవనిగడ్డ బస్సులో నిలబడే వెళ్ళి, అక్కడ బస్సు మారి నాగాయలంక చేరాం.

సుగుణమ్మగారి అరుగు దగ్గర వాళ్ళిద్దరినీ వదిలేసి నేను రోడ్డు మీదే ఆగిపోయాను. వాళ్ళేం మాట్లాడుకున్నారో వినలేదు, రికార్డు చెయ్యలేదు. చెయ్యకపోవడమే మంచిదనిపించింది. నువ్వైతే ఏం చేసేదానివి?

మిగిలిన ఫైళ్ళన్నీ గడువులోగా దించేశాను. నువ్వు పనిచేసిన కాలేజీవాళ్ళు వేరే సర్వర్‌లో చోటిచ్చారు. పుట్ అని కొట్టి ఒక్కొక్కటే పైకి పంపించాను. సుగుణమ్మగారి పాత సగాన్నీ కొత్త మాటల్నీ పక్కపక్కనే ఉంచాను, అతికించలేదు.

నీ నోటుపుస్తకం చివరి పేజీలో నువ్వింకా కలవనివాళ్ళ పేర్లు ఏడున్నాయి. వాకబు చేశాను. నలుగురు బతికే ఉన్నారు.

సోమవారాలు ఇక షాపు తెరవను. ఆ నలుగురి దగ్గరికీ వెళ్తాను అక్కా.

నీ చెల్లి,
కరుణ