దర్వాజకు కట్టిన వేపమండలు

బెల్లంపల్లి, భాద్రపదం, మంగళవారం రాత్రి

కోడలు లక్ష్మికి ఇప్పుడే కాస్త నిద్ర పట్టింది. కీళ్ల నొప్పులతో పక్క మీద తిరగలేకపోతోంది. జ్వరంతో ఒళ్లంతా ఎర్రగా పేలితే, అమ్మవారే వచ్చిందనుకుని పొద్దున దర్వాజకు వేపమండలు కట్టాను.

ఈ వానల్లో జ్వరం ఏ వాడ నుండి ఏ వాడకు పోతోందో కనిపెడుతూ తిరిగే డాక్టరమ్మ ఆ మండలు చూసే ఆగింది.

"ఆకు ఇంకా వాడలే, అంటే జ్వరం కొత్తదే. ఇది దోమలతోటి వచ్చేదేమో పెద్దమ్మా. మొదటి రోజుల రక్తంలనే తెలుస్తది. జర ఇప్పిస్తరా?"

మంచంలో ఉన్న మా అత్త లేచి కూర్చుంది. "అమ్మ ఇంట్ల ఉండంగ సూది గుచ్చుతరా? భయం లేదా పిల్లా నీకు?"

"ఉన్నది అవ్వా. గందుకే అడుగుతున్న. దీనితోటి ఈ పిల్లకు తగ్గుతదని అబద్ధం చెప్ప. జ్వరం ముందుకు ఎటు పోతదో తెలిస్తే, అక్కడోళ్లను కాపాడుకోవచ్చు."

చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, వేపమండలకు దండం పెట్టి గడప బయటే నిలబడింది. అంత చదువులో అంత అణకువ! లక్ష్మి నా ముఖం చూసింది.

"తీసుకో బిడ్డా," అన్నాను.

అత్త అప్పటి నుండి నాతో మాట్లాడలేదు. జ్వరం ఇంకా దిగలేదు.

తల్లీ, తప్పయితే ఆ భారం నా మీద వెయ్యి. లక్ష్మిని విడిచిపెట్టు.