చందమామ ముందు నల్లబొమ్మ

ఆదివారం, పౌర్ణమి వెళ్ళిన మర్నాడు

బాబుకి,

మీ పిన్ని దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ మేం బాగున్నాం, అక్కడ మీరూ బాగున్నారని తలుస్తాను అని ముందుగా రాయాలని బళ్ళో చెప్పారు. నేను వెళ్ళిన నాలుగు తరగతుల్లో బాగా గుర్తున్నది అదొక్కటే. అందుకని రాశాను. బాగుండటమంటే ఇప్పుడు పొద్దున లేవడం, పనికి పోవడం, మళ్ళీ ఇంటికి రావడం, అంతే. నువ్వెలా ఉన్నావో మాత్రం మీ అమ్మ చెప్పింది.

మొన్న మా ఆసుపత్రి లాండ్రీకి వచ్చింది. మిషన్లోంచి తీసిన దుప్పట్లు మడత పెడుతున్నాను. ఎదురుకొస పట్టుకునే ఆవిడ టీకి పోయింది. మీ అమ్మ గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాదు. కాసేపటికి తనే వచ్చి ఆ రెండో కొస పట్టుకుంది. ఇద్దరం ఒక గంపెడు దుప్పట్లు మడిచాం. అప్పుడు చెప్పింది. వాడు సరిగ్గా తినట్లేదు చెల్లీ అంది. మందుల షాపులో పనికి పోవడం మానేశాడంది. చందమామ కనపడకుండా కిటికీకి అట్టముక్క కొట్టుకున్నాడంది. పోలీసులు వస్తే ఆలస్యం కాకూడదని పొద్దున్నే చొక్కా ప్యాంటూ వేసుకుని మంచమ్మీద కూర్చుంటున్నాడంది. కేసు వద్దని మాత్రం నన్ను అడగలేదు. అడగడానికే వచ్చింది, నాకు తెలుసు. దుప్పట్లు మడిచి వెళ్ళిపోయింది.

అందుకే ఈ ఉత్తరం. నువ్వు ఫోను ఎత్తవు కదా.

నాయనా, మా చిన్నోడు నీ గురించి ఎన్ని చెప్పేవాడో. నీకు పేరు కూడా పెట్టాడు, దూరం అని. వాడికి మనిషి పక్కనుంటే కనపడడమ్మా, మైలు అవతల నిలబడితేనే కనిపిస్తాడు అని నవ్వేవాడు. మీరిద్దరూ కలిసి ఎవరో ఆటల ఫోటోలు తీసే ఆయన దగ్గర ఆ పొడుగు లెన్సు కొన్న రోజు దాన్ని పసిబిడ్డలా తువ్వాల్లో చుట్టి తెచ్చారు. నీళ్ళ గొట్టం కొన్నార్రా అన్నాను. మొదటిసారి తీసిన చందమామ తెల్లగా, రూపాయి బిళ్ళలా వచ్చింది, దాంట్లో ఏమీ లేదు. రాత్రి కదా అని రాత్రికి తగ్గట్టు తీశారట. తర్వాత నువ్వే కనిపెట్టావు. మనకి రాత్రి గానీ పిన్నీ, చందమామ మీద పడేది ఎండే, దానికది పట్టపగలు, పగటికి తగ్గట్టే తీయాలి అన్నావు. ఆ మర్నాడు తీసింది చూపిస్తే, ఇదేంటి, అమ్మవారు పోసిన ముఖంలా ఈ గుంటలేంటి అన్నాను. చిన్నోడు పడీ పడీ నవ్వాడు. నువ్వు మాత్రం మూతి ముడుచుకుని ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు.

చందమామలో మనిషిని నిలబెట్టి తీయాలన్న ఆలోచన ఎవరిదో నాకు తెలీదు. ఇద్దరిదీ అయి ఉంటుంది. మీకు ఏ ఆలోచన వచ్చినా ఇద్దరికీ ఒక్కసారే వచ్చేది. ఊరి చివర నీళ్ళ ట్యాంకు మీద చిన్నోడు నిలబడాలి, అవతల పొలాల్లో ఎక్కడో నువ్వు కెమెరా పెట్టాలి, పొద్దు గూకగానే చందమామ వాడి వెనక లేవాలి. రెండు నిమిషాల్లో అది ట్యాంకు దాటి పైకి పోతుందట. ఆ రెండు నిమిషాల కోసం మీరిద్దరూ నెలల తరబడి ఎదురుచూశారు. ఒకసారి మబ్బు, ఒకసారి వాడికి పని, ఒకసారి నువ్వు నిలబడిన చోటు తప్పు.

ట్యాంకు ఎక్కడమంటే భయం లేదా అని వాణ్ణి అడిగాను. పెద్ద పెద్ద మేడల అద్దాలు తుడిచేవాడికి అదో లెక్కా అన్నాడు. పనిలో నడుముకి తాడు లేకుండా కిటికీలోంచి చెయ్యి కూడా బయటపెట్టని మనిషి. ఆ సాయంత్రం తాడు ఇంట్లోనే వదిలి వెళ్ళాడు. ఫోటోలో పడుతుందని.

ఇక ఆ రోజు సంగతి. శవాల గది బయట నువ్వు నా కాళ్ళు పట్టుకుని చెప్పిన మాట నేనూ విన్నాను, మా పెద్దోడూ విన్నాడు. రైలింగు కాళ్ళకి అడ్డమొస్తోంది, దాటి ఇవతల అంచు మీద నిలబడరా అని ఫోనులో చెప్పింది నేనే పిన్నీ అన్నావు. వాడు దాటాడు, అంచు సిమెంటు విరిగింది, నేను లెన్సులోంచి చూస్తూనే ఉన్నాను అన్నావు. తర్వాత మళ్ళీ మా గడప తొక్కలేదు.

పెద్దోడు పోలీసు స్టేషనుకి పోయి అదే చెప్పాడు. వాడు నోటితో ఒప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి అంటాడు. తమ్ముణ్ణి బొమ్మలా ఆడించి చంపాడు అంటాడు. తప్పు పట్టకు, వాడిదీ గుండెకోతే. తమ్ముడికి సైకిలు నేర్పింది వాడే. ఇప్పుడు కంచం ముందు కూర్చుని చేత్తో కెలికి లేచిపోతాడు.

నువ్వు పొలంలో వదిలేసి పరిగెత్తిన కెమెరా, స్టాండు, లెన్సు పోలీసులు మాకే ఇచ్చారు. పెద్దోడు వాటిని ముట్టుకోడు. నేనే సంచిలో వేసుకుని బజారులో పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూడియోకి పట్టుకెళ్ళాను. ఆయన పెద్ద తెర మీద ఒక్కొక్కటే చూపించాడు.

ఎంత బాగా తీశావు నాయనా. మొదట ట్యాంకు వెనక ఎర్రగా ఒక అంచు, కొలిమిలోంచి తీసిన ఇనుములా. తర్వాత సగం. తర్వాత నిండుగా, తెర పట్టనంత. దాని ముందు నా కొడుకు చీమంత, నల్లగా. వాడి వెనకంతా పట్టపగలు, వాడి ముందంతా చీకటి, అందుకే అలా పడ్డాడని స్టూడియో ఆయన చెప్పాడు. ముఖం లేదు, చొక్కా రంగు లేదు. అయినా మెడ ఒక పక్కకి వంచి నిలబడటం చూసి వాడేనని చెప్పగలను. ఒకదాంట్లో చేతులు రెండూ చాపాడు. ఒకదాంట్లో ఒక కాలు ఎత్తి వెధవ్వేషాలు వేశాడు. ఇంకోదాంట్లో చెయ్యి చెవి దగ్గర ఉంది, నీతో మాట్లాడుతున్నట్టున్నాడు. దాని తర్వాతదాంట్లో చందమామ ఒక్కటే ఉంది. ఆయన తెర ఆర్పేసి, ఇక చాలమ్మా అన్నాడు.

ఇప్పుడు నీకు చెప్పాల్సిన మాట. ఆయన ఆ ఫోటోలన్నీ చూసి, మీవాడు మొట్టమొదటి ఫోటోలోనే రైలింగు దాటి బయట నిలబడి ఉన్నాడమ్మా అని చెప్పాడు. నువ్వు నోరు తెరవక ముందే వాడు తనంతట తనే దాటేశాడు. నీ మాట విని దాటింది కాదు. ఇదే నేను పోలీసాయన దగ్గరికి పోయి చెప్పాను, ఫోటోలు కూడా చూపించాను. ఆయన కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుని చూశాడు. మీ అబ్బాయి తొందరపాటేనంటారా అన్నాడు. అవునన్నాను. మీ కొడుకుది మీరే తప్పంటే ఇక నేను రాసేదేముంది అన్నాడు. కేసు మూసేశారు. పెద్దోడికి కూడా ఇదే చెప్పాను. వాడు ఆ రాత్రి రెండు ముద్దలు తిన్నాడు.

కాబట్టి ఇక పొద్దున్నే చొక్కా వేసుకుని ఎవరి కోసమూ కూర్చోకు. ఎవరూ రారు. ఆ అట్టముక్క పీకెయ్యి. మందుల షాపుకి పో. మీ అమ్మ నాకన్నా పెద్దది. ఆవిణ్ణి చూసుకో. నీ కెమెరా మా ఇంట్లో ఉంది, తుడిచి పెట్టాను. వచ్చి పట్టుకుపో.

ఇంతకన్నా రాయడం చేతకాదు. పెద్దోడు పనికి పోయే వేళ చూసి రా.

ఇట్లు,
మీ పిన్ని

మరో మాట. ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పాను. నీకు ఫోటోల సంగతి తెలుసు. పై మాట చదవగానే ఇది అబద్ధమని నీకు తెలిసిపోయే ఉంటుంది. స్టూడియో ఆయన అలా చెప్పలేదు. వాడు రైలింగుకి లోపలున్నాడా బయటున్నాడా అని అడిగితే, ఇంత పొడుగు లెన్సులో ముందూ వెనకా అతుక్కుపోతాయమ్మా, పైగా అంతా నలుపు, ఆ కమ్మీలు వాడి కాళ్ళ ముందున్నాయో వెనకున్నాయో ఎవరూ చెప్పలేరు అన్నాడు. మళ్ళీ మళ్ళీ అడిగాను. ఎన్నిసార్లడిగినా అదే అన్నాడు. తప్పు నా కొడుకుదేనని పోలీసు ముందు చెప్పింది మీ అమ్మ కోసం, పెద్దోడు కోర్టుల చుట్టూ తిరుగుతూ బతుకు పాడు చేసుకోకూడదని. వాళ్ళకి అబద్ధం చాలు. నీకు చాలదు. నువ్వు చెప్పావు, వాడు దాటాడు. అది నాకు తెలుసు, తెలిసే రమ్మంటున్నాను. క్షమించానా అంటే ఆ మాట ఇంకా నా నోటికి రాలేదు. నిన్ను చూస్తే తిడతానేమో, చెయ్యి చేసుకుంటానేమో, నాకే తెలీదు. అయినా రా. వాడి చివరి మాట విన్న మనిషివి నువ్వొక్కడివే. దాటమని నువ్వంటే వాడేమన్నాడు? సరే అన్నాడా, నవ్వాడా, భయంగా ఉందిరా అన్నాడా? అది నాకు చెప్పి పో.