మామయ్యగారి చేతి మీద లేచిన దద్దురు

చున్‌చన్, మంగళవారం

వదినా,

మీ నాన్నగారు కులాసాగానే ఉన్నారు, కంగారుపడకుండా చదవండి.

పోయిన నెల నూడుల్స్ పిండి కలుపుతుంటే ఆయన పెదవులు వాచి, ఊపిరాడలేదు. తేరుకున్నాక, దేనివల్లో తేల్చడానికి డాక్టరమ్మ ముంజేతి మీద రకరకాల ఆహారపు సారాల చుక్కలు వేసి సూదితో గుచ్చింది. పావుగంటలో, మన నూడుల్స్ పిండి పట్టించే మేమిల్ గింజల సారం వేసినచోట దద్దురు లేచింది. ముప్ఫై ఏళ్లుగా మేమిల్ నూడుల్స్ అమ్మిన మనిషికి!

"ఇది ఆ ఎదురు కొట్టు మన్‌సిక్‌గాడి పిండి అయ్యుంటుంది! మన పిండితో గుచ్చి చూడండి" అని పట్టుబట్టి నాచేత తెప్పించారు. దాంతో గుచ్చితే దద్దురు రెండింతలు లేచింది.

"చూశావా అమ్మాయ్, అసలు సరుకంటే అదీ!" అని అందరికీ చెయ్యి చూపించారు.

"తాతగారూ, ఇక ఆ పిండి గాలి కూడా సోకకూడదు" అంది డాక్టరమ్మ. అప్పుడు మాత్రం ఆయన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నారు.

కొట్టు మూసేశాం. నిన్న నాతో, "చిన్నప్పుడు మీ వదిన పిండి ముట్టుకుంటే కొట్టేవాణ్ణి. ఇంకా కోపమేనేమో కనుక్కో" అన్నారు. పిలవమనలేదు. నేనే పిలుస్తున్నాను, వచ్చి పిండి కలపండి. తప్పులు పట్టడానికి ఆయన అప్పుడే వంటగది కిటికీ అద్దం బయట కుర్చీ వేయించుకున్నారు.

మీ మరదలు