దింపుడు కల్లం దగ్గర పలికాను

నవంబర్ 11, మంగళవారం
అన్నను కాల్చి వచ్చాం. స్నానం చేసినా చేతులకు పొగ వాసన పోలేదు... నిన్న మక్కచేనుకు నీళ్లు పెడతానని పోయాడు. మోటారు స్టార్టర్ మీద చెయ్యి వేశాడు. అంతే.

ఊరవతల దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. చెవిలో మూడుసార్లు పేరు పిలవాలి, ప్రాణం మిగిలుంటే పలుకుతాడని. పెద్దబాపు డప్పులు ఆపించాడు. బాపు వంగి పిలిచాడు.

"సురేందరా."

అది నా పేరు. అన్న మహేందర్. పుట్టినప్పటి నుంచీ బాపుకు మా పేర్లు తారుమారే. ఆయన ఎవరిని పిలిచినా ఇద్దరం పలకడం మాకు అలవాటు. అలవాటు కొద్దీ పలికాను. "ఆఁ, బాపూ."

ఎవరూ నవ్వలేదు. బాపు నా వైపు చూసిన చూపు గురించి రాయను. ఆ తర్వాత ఆయన నోరు పెగల్లేదు. అన్న పేరు ఎవరూ పిలవకుండానే పాడె లేచింది.

నవంబర్ 12
పెద్దబాపు వచ్చాడు. శవం చెవిలో పిలిచిన పేరుకు బతికున్నవాడు పలికితే పోయినవాడు వెంట తీసుకుపోతాడట. ఇవాళ్టి నుంచి పదకొండో రోజు దినాలయ్యేదాకా నన్నెవరూ పేరు పెట్టి పిలవొద్దు. ఎవరు పిలిచినా నేను పలకొద్దు. ఇంత తెలిసినవాళ్లు పాత స్టార్టర్ సంగతి ముందే ఎందుకు చూడలేదని అడిగాను.

నవంబర్ 13
కలుపుకు కూలీలు రాలేదు. హోటల్ శంకర్ చాయ్ నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు. నా పేరు పెట్టి తిట్టనిదే వాడికి పొద్దు పోయేది కాదు. ఇవాళ "తాగు" అన్నాడు, ఒక్క మాట.

నవంబర్ 14
లత ఒక్కతే మారలేదు. పెళ్లైన నాటి నుంచీ నన్ను "ఇగో" అనే పిలుస్తుంది.

నవంబర్ 16, ఆదివారం
బాపు మాట్లాడడం లేదు. అన్నం కలుపుతాడు, వదిలేస్తాడు. ఎడ్లను కూడా పేరుతో పిలవడం మానేశాడు, నాలుకతో చప్పుడు చేసి తోలుతున్నాడు. వదినతో మాత్రం ఒకసారి అన్నాడట: "ఒక్కణ్ని కరెంటు దిన్నది. ఇంకొకణ్ని నా నోరే సావుకిచ్చింది."



నవంబర్ 17
ఇదంతా నమ్మను. కానీ ఫోన్లో ఎవరో "సురేందరేనా" అంటే కట్ చేశాను. భయమేస్తోంది. రాస్తే తగ్గుతుందనుకున్నా... తగ్గలేదు.

నవంబర్ 18
కొత్త వైరు వేశారు. స్టార్టర్ ఇంకా ఎవరూ ముట్టలేదు. మక్క వాడిపోతోంది. దినాలు కాగానే నేనే పోయి మోటారు వేస్తానన్నాను. బాపు విన్నాడు.

నవంబర్ 19, బుధవారం. పొద్దుగూకుతోంది
రేపు దినాలు. మధ్యాహ్నం నుంచి బాపు ఇంట్లో లేడు. వదినను అడిగితే చెప్పింది — నీళ్లు తనే పెడతానని చేనుకు పోయాడట. నేను ఆ స్టార్టర్ ముట్టకూడదని. ఎందుకు పోనిచ్చావంటే ఏడుస్తోంది.

చేను ఇంటి వెనకే. మోటారు చప్పుడు లేదు.

పిలుపు. "సురేందరా." బాపు గొంతే. ఈసారి తడబడలేదు, తప్పు పేరు కాదు. నన్నే.

లత గడపకు అడ్డం నిలబడింది. "పలుకకుండ్రి. రేపటిదాక." పలకను, ఊరికే పోయి చూసొస్తానన్నాను.

"పోవుడు గూడ పలుకుడే."

అన్నను ఎవరూ పిలవలేదు. పిలిస్తే వచ్చేవాడేమో అని ఇన్ని రోజులూ అనుకున్నాను. ఇప్పుడు బాపు పిలుస్తున్నాడు, నేను కూర్చుని రాస్తున్నాను.

రెండోసారి. గొంతు సన్నగా ఉంది. బాపేనా...

లత నా చెయ్యి వదలడం లేదు. చిన్నప్పటి అలవాటు, నాలుక చివరిదాకా వచ్చి ఉంది — ఆఁ, బాపూ