తొమ్మిది బొమ్మల కాయితం

చెల్లె లతా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి పందొమ్మిదేండ్లు. నా బిడ్డ సంధ్యను నువ్వు చూడలే. ఇంటర్ చదువుతుంది. తెలంగాణ కోసం కోరుట్లల రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నయి. పిల్లలు తలా ఒకరోజు కూసుంటుండ్రు. సంధ్య వరుసగ ఐదు రోజులు కూసుంది. ఊరంత మెచ్చుకుంటే నేను గూడ పొంగిపోయిన.

ఇయ్యాల పొద్దుగాల దాని కాలేజీ సంచిల ఒక కాయితం దొరికింది. ఆడపిల్లలకు సర్వే చేసిండ్రట. బక్కామె నుంచి లావామె దాక వరుసగ తొమ్మిది బొమ్మలున్నయి. నువ్వు ఎట్లున్నవు, ఎట్ల ఉండాలనుకుంటున్నవు అని అడిగిండ్రు. సంధ్య తను తొమ్మిదో బొమ్మనట. కావాల్సింది మొదటిదట. నిజానికి ఆ మొదటి బొమ్మ కన్న నా బిడ్డే బక్కగున్నది.

దీక్ష టెంటు కాడికి ఉరికిన.

"పా బిడ్డా, ఇంటికి పోయి ఇంత తిందువు."

"తెలంగాణ అచ్చినంక తింటనే అమ్మా" అని నవ్వింది.

చెయ్యి పట్టుకుంటే తోలు కింద వట్టి బొక్కలే తగిలినయి. "తెలంగాణ కోసమేనా?" అని మెల్లగ అడిగిన. తల దించుకుంది.

"నేను లావుగున్ననమ్మా."

సిరిసిల్లల మనింట్ల నువ్వు గిదే మాట అంటే అందరం నవ్వినం లతా. నాకు చానా భయమైతుంది.

రేపు దాన్ని జగిత్యాల దవాఖానకు తీస్కపోతున్న. మీ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్న గిట్లయిందా అని డాక్టర్ అడుగుతది. ఇన్నేండ్లు నువ్వు కామెర్లతోటి పోయినవనే అందరికి చెప్పినం. రేపు సంధ్య ముంగట్నే చెప్త, మా చెల్లె తినక సచ్చిపోయిందని.