అవ్వ రేడియో అన్నవాడు

న్యూకాసిల్, గురువారం

అమ్మకు,
నేత మిల్లు మోతకు నీ చెవులు పోయినట్టు నావీ పోతాయని బెంగపడకు, రెండూ భేషుగ్గా ఉన్నాయి.

నిన్న సాయంత్రం డాన్సు హాల్లో మా బ్యాండుకంటే ముందు గిటారు వాయించిన డెరిక్, బీరువాలంత యాంప్లిఫయర్లు రెండు తెచ్చాడు. బ్రెడ్డు పెట్టెంత నా దాన్ని చూసి, "ఏం పిల్లా, మీ అవ్వ రేడియో ఎత్తుకొచ్చావా?" అన్నాడు. నేను నా గిటారు తీగలు బిగించుకున్నాను. అతని మోత భరించలేక జనం బయటికి నడుస్తుంటే హాలు యజమాని వచ్చి తగ్గించమన్నాడు. తగ్గించేసరికి వాటిలో పస పోయి గిటారు పీలగా మూలిగింది. నాది చిన్నది కనుక మొత్తం పెంచినా చెవులు చిల్లులు పడవు, పూర్తిగా పెంచితేనే పలికే ఆ గరుకు నాదమూ పోదు. కుర్చీ మీద పెట్టి నా తల వైపు వాల్చాను. దాని ముందు పెట్టిన మైకులోంచి నా వాయింపు హాలంతటికీ వినిపించింది. బయటికి పోయినవాళ్లంతా తిరిగొచ్చారు, మూడుసార్లు మళ్లీ వాయించమన్నారు.

మోత సోకకుండా చెవుల్లో మైనం ముద్దలు పెట్టుకున్నా, మిల్లులో మీరు మాట్లాడుకునే పెదాల మాట నాకొచ్చుగా. డెరిక్ అల్లంత దూరాన తన డ్రమ్ములవాడితో, "అలాంటి డబ్బా ఎక్కడ దొరుకుతుందో మెల్లగా కనుక్కో" అంటున్నాడు. నేనూ పెదాలు కదిపి, "మా అవ్వనడుగు" అన్నాను.

మైనం ముద్దలు అయిపోవచ్చాయి, మందుల షాపులో కొని ఉంచు. నాన్న దగ్గు తగ్గిందా? పిల్లి ఈనిందా? హిల్డా అక్కను అడిగానని చెప్పు.

వంటింట్లో నువ్వు తీసే కూనిరాగం నీకు వినపడక పదేళ్లయింది. ఆదివారం వస్తున్నాను, నేను వింటాను.

నీ నోరీన్