అనుభవం అన్న గడి

నవంబరు, ఆదివారం రాత్రి. డెవాన్ తీరం, వ్యాన్‌లో.

ఈ సంతోషానికి నిద్ర పడితే ఒట్టు! స్కాట్లాండ్‌లో మంచు పడి స్కీయింగ్ మొదలయ్యేదాకా ఇంట్లో కూర్చోలేక, మా అమ్మాయి సుజాత హాస్పిటల్‌కి సెలవు పెట్టి నన్ను వ్యాన్‌లో తిప్పుతోంది. వేల్స్ కొండలు చూశాం. డంజినెస్‌లో ఈ ఇంగ్లండు వాళ్లు ఎడారి అని పిలుచుకునే గులకరాళ్ల మైదానం చూశాం. ఇప్పుడు సముద్రం.

పొద్దున కోవెంట్రీ నుంచి అబ్బాయి ఫోన్. "డెబ్బై ఒకటో ఏట మంచు మీద జారుడేంటి నాన్నా? అక్క స్కీయింగ్ చేస్తుంది, నువ్వు కేఫ్‌లో కూర్చుని బ్యాగులు చూసుకో." ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను.

మధ్యాహ్నం ఇక్కడ మంచుకు బదులు ప్లాస్టిక్ పరిచిన వాలు మీద నా మొదటి స్కీయింగ్ పాఠం. మోకాళ్లు వంచాలి, దేన్నీ పట్టుకోకూడదు. ఒక్కసారి కూడా పడలేదు! ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది నేర్పే అమ్మాయి. పాడేరు ఘాట్‌లో అన్నాను. ఒక చేతిలో టిక్కెట్లు, ఇంకో చేతిలో చిల్లరతో, ఆ మలుపుల్లో బస్సు కండక్టరుగా నిలబడిన కాళ్లివి.

ఎడమ మోకాలు కాస్త సలుపుతోంది. సుజాతకి చెప్పలేదు. చెప్పను కూడా.

సాయంత్రం తను స్కాట్లాండ్‌లో స్కీయింగ్‌కి ఫారం నింపుతూ, నా పేరు కింద అనుభవం అన్న గడిలో 'లేదు' అని రాయబోయింది. ఆపాను.

"ముప్పై రెండేళ్లు అని రాయమ్మా."

"బస్సు లెక్కలోకి రాదు నాన్నా!"

"నా కాళ్లకి వస్తుంది. రాయి."

నవ్వుతూనే రాసింది. ఆ ఫారం ఫొటో తీసి వాళ్ల తమ్ముడికి పంపమన్నాను. బ్యాగులు చూసుకోవడానికి వాణ్ణే రమ్మని కింద రాయించాను.